పే స్లిప్పులో మరో కోత

జీతాల పట్టీలు రాయడం నేను చేసిన ఉద్యోగం. విశాఖ రేవులో ఓడలకు సరుకు ఎక్కించి దించే ఒక స్టీవ్‌డోర్ కంపెనీకి వన్‌టౌన్‌లో ఆఫీసుండేది. అక్కడ గుమాస్తాగా చేరి అకౌంటెంటుగా రిటైరయ్యాను. మొదట్లో కార్బన్ కాగితాలు పెట్టి చేత్తో రాసేవాళ్ళం, తర్వాత కంప్యూటరొచ్చింది. మా ఆయనది స్టీలు ప్లాంటు, కోక్ ఓవెన్స్ విభాగం. ఇంట్లోనూ జీతం చీటీయే, ఆఫీసులోనూ జీతం చీటీయే. వందలమంది సంపాదనను నెలనెలా వరుసల్లో వేసి చూసిన మనిషిగా ఒక సంగతి గట్టిగా చెప్పగలను: చేతికందకముందే కోతపడ్డ డబ్బు కోసం ఎవరూ బెంగపెట్టుకోరు. మూలవేతనం, డీఏల మీద 12 శాతం పీఎఫ్‌కు పోతుంది. ఆ తర్వాత ప్రొఫెషనల్ టాక్స్, ఎల్ఐసీ, సొసైటీ అప్పు వాయిదా. అన్నీ పోగా వచ్చినదే జీతమనుకుని ఇల్లు నడుపుకుంటాం. ఖర్చులన్నీ అయ్యాక మిగిలింది దాచుకుందామనుకున్న వాళ్ళలో నిజంగా దాచినవాళ్ళు నాకు కనబడింది చాలా తక్కువ.

దానధర్మాల దగ్గరికొచ్చేసరికి ఊరు ఊరంతా ఆ ‘మిగిలితే చూద్దాం’ దగ్గరే ఆగిపోయింది. నా బాధ అది.

మనవాళ్ళకు మనసు లేదని నేననను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు, కరెంటూ నీళ్ళూ లేని ఆ రోజుల్లో, గాజువాకలో మా వీధివాళ్ళు ఇళ్ళలో ఉన్న బియ్యమంతా ఒకచోట పోసి అందరికీ వండారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఒడిశా వైపు నడిచిపోతున్న కూలీలకు హైవే పక్కన నిలబడి మజ్జిగ, పులిహోర పొట్లాలు పంచినవాళ్ళు నాకు తెలుసు. విపత్తు వస్తే ఉద్యోగ సంఘాలు ఒక రోజు జీతం సహాయనిధికి రాసిస్తాయి. ఆ వరుస నా చేత్తోనే పట్టీలో వేసేదాన్ని, ఒక్కరు కూడా వచ్చి ఎందుకు కోశారని అడిగేవారు కాదు. అయితే ఒక రోజు జీతమంటే నెలలో ముప్పయ్యో వంతు. అదీ ఏ తుపానో వరదో వచ్చిన ఏడాదే. తుపాను లేని నెలలో కూడా శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా నుంచి మన పెద్దాస్పత్రి కేజీహెచ్‌కు రోగులొస్తారు. వాళ్ళవెంట వచ్చిన అమ్మో అన్నో ఆస్పత్రి బయట ఎక్కడో దుప్పటి పరుచుకుంటారు. వాళ్ళ ఆకలి టీవీలో రాదు. జాలి పుట్టినప్పుడు ఇచ్చే అలవాటున్న ఊళ్ళో, జాలి పుట్టించడం చేతకాని పేదవాడికి ఏమీ దక్కదు.

యూదులు ఈ చిక్కును ఎప్పుడో గుర్తుపట్టి దానికొక లెక్క కట్టారు. వాళ్ళ మీదికి నా చూపు మళ్ళించింది మాత్రం తెలుగువాళ్ళే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదుల కుటుంబాలున్నాయి. తాము ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిం గోత్రం వారమని వాళ్ళు చెప్పుకుంటారు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందుండి 1991లో అక్కడ సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, పెట్టారు. అంతకుముందు అవి క్రైస్తవ కుటుంబాలు, మాదిగ కులం వాళ్ళు, ఎక్కువమంది పొలం పనుల మీద బతికేవాళ్ళు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ళ గురించి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వాళ్ళ మూలాల మీద వాదాలున్నాయి, నేను ఆ జోలికి పోను. శనివారం పని ముట్టకూడదనే నియమం రోజుకూలి మనిషికి ఎంత ఖరీదైనదో మాత్రం జీతాల పట్టీ రాసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. అలాంటి మతంలో సంపాదన మీద ధర్మం లెక్క ఎలా ఉంటుందో చూద్దామని మొదలుపెట్టిన చదువు ఇది.

వాళ్ళ లెక్క పొలం దగ్గర మొదలవుతుంది. మోషే ధర్మశాస్త్రం పొలం అంచులు పూర్తిగా కోయవద్దంటుంది. రాలిన కంకులు ఏరవద్దంటుంది. మడిలో మరచిపోయిన పన కోసం వెనక్కి పోవద్దంటుంది. అవన్నీ పేదవాడివి, పరదేశివి, విధవరాలివి. అంచు ఎంత వదలాలి అన్న ప్రశ్నకు, అరవయ్యో వంతుకు తగ్గకూడదని 1800 ఏళ్ళనాటి మిష్నా అనే శాస్త్రం జవాబు చెప్పింది. పండిన పంటలో పదోవంతు లేవీ గోత్రం వారికి పోతుంది. ఏడేళ్ళ చక్రంలో మూడో ఏట, ఆరో ఏట ఇంకో పదోవంతు పేదలకు పోతుంది. ఇదేదీ ఆసామి దయ మీద లేదు. ఆ గింజ మొలిచినప్పటినుంచే పేదవాడి వాటా అందులో ఉంది.

మా కన్నవారి ఊరు చీపురుపల్లి వైపు. మా అమ్మమ్మ చెప్పేది, కోతలయ్యాక పొలం లేని ఇళ్ళ ఆడవాళ్ళు మళ్ళలోకి దిగి పరిగె ఏరుకునేవారట. కల్లంలో చాకలికీ మంగలికీ కమ్మరికీ కొలిచే మేర వేరు. అది వాళ్ళ ఏడాది చాకిరీకి కూలి, దాన్ని ధర్మమంటే తప్పు. పరిగె మాత్రం ఏ చాకిరీకీ బదులు కాదు. రాలినదాన్ని ఏరుకోవద్దని ఏ ఆసామీ అడ్డం రాలేడు, వస్తే ఊరు ఊరుకోదు. బైబిల్లో రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్న కథ మన జ్ఞానాపురం క్రైస్తవుల ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది బేత్లెహేములో జరిగిన కథైనా, మా అమ్మమ్మకు చెబితే వాళ్ళ ఊళ్ళో జరిగిందనే అనుకునేది.

మరి ఆ పొలాలు ఏమయ్యాయి? ఇప్పుడు స్టీలు ప్లాంటు, ఉక్కునగరం ఉన్న చోట ఒకప్పుడు ఊళ్ళూ మళ్ళూ తోటలూ ఉండేవి. 1966 ఉక్కు ఉద్యమంలో ప్రాణాలు పోయాక, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశాక, వేల ఎకరాలు కర్మాగారానికి పోయాయి. నిర్వాసితులకు పునరావాసం కోసం ఆర్ కార్డులిచ్చారు, ఉద్యోగాలు అడిగారు, కొందరికి వచ్చాయి, ఇంకా అడుగుతూనే ఉన్నారు. భూమికి లెక్క కట్టారు, చెట్టుకు లెక్క కట్టారు. పరిగెకు లెక్క కట్టినవాళ్ళు లేరు. ఆ మళ్ళలో గింజలేరుకునే ఆడమనిషికి నెలజీతం తెచ్చుకునే ఊళ్ళో ఏరుకోవడానికి ఏముంది? జీతానికి గట్టు లేదు, రాలే కంకి లేదు. బ్యాంకు ఖాతాలో పడ్డ డబ్బులో మనం వదిలిపెట్టిన అంచు ఎక్కడుందో ఎవరికీ కనబడదు.

యూదులు భూములకు దూరమై, దేశదేశాల్లో వర్తకం మీదా వృత్తుల మీదా బతకాల్సి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న వాళ్ళముందు నిలబడింది. పంట మీది పదోవంతును వాళ్ళు డబ్బు మీదికి మార్చుకున్నారు. దాన్ని మాసేర్ అంటారు. ఇది శాసనమా, పెద్దల కట్టడా, ఆచారమా అని వాళ్ళ పండితులు ఈనాటికీ వాదించుకుంటారు. వాదించుకుంటూనే పక్కన పెడతారు. జీతం రాగానే, లాభం తేలగానే, ఖర్చు మొదలుపెట్టకముందే ఆ భాగం విడిగా ఉంచుతారు. చాలామంది దానికి వేరే ఖాతా పుస్తకం పెట్టుకుంటారు. నాలాంటి దానికి అది చదివినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ధర్మానికి లెడ్జరు!

ఆ లెక్క చాలా వివరంగా ఉంటుంది. వ్యాపారికైతే పెట్టుబడి, అద్దె, కూలీలు పోగా తేలిన లాభం మీదే పదోవంతు. 12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యుడిగా బతికిన మైమోనిడిస్ తన ధర్మశాస్త్ర గ్రంథంలో, ఐదోవంతు ఇస్తే ఉత్తమం, పదోవంతు మధ్యమం, అంతకు తగ్గితే లోభం అని తేల్చేశాడు. ఎంత పేదవాడైనా ఏడాదికి షెకెల్ అనే నాణెంలో మూడోవంతైనా ఇవ్వాలి, అది చాలా చిన్న మొత్తం. నన్ను ఆపి ఆలోచింపజేసిన నియమం ఇంకొకటుంది: దానం పుచ్చుకుని బతికేవాడు కూడా అందులోంచి కొంత దానం చెయ్యాలి. ఎప్పటికీ చెయ్యి చాచేవాడిగానే ఒకణ్ణి మిగల్చకూడదని ఆ శాస్త్రం పట్టుబట్టింది. కొత్తరెడ్డిపాలెం వాళ్ళకు విదేశీ యూదు సంస్థల నుంచి సాయం అందింది. ఈ నియమం ప్రకారం అక్కడి కూలి మనిషి కూడా దాతే. మన దగ్గర రేషన్ కార్డున్న మనిషిని మనం ఎప్పుడైనా దాతగా ఊహించుకున్నామా?

పైకి కూడా హద్దుంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గలిలయలోని ఊషా అనే ఊళ్ళో కూడిన పండితులు, ఎంత ఉదారుడైనా ఐదోవంతు మించి పంచవద్దని కట్టడి చేశారు. తానే రేపు ఊరిమీద పడకూడదని వాళ్ళ భయం. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని మనవాళ్ళూ అన్నారు కానీ, ఎక్కడినుంచి తనకు మాలినదవుతుందో అంకె వేసి చెప్పలేదు. అంకె లేకపోవడం వల్ల ఆ సామెత మనకు ఇవ్వకుండా తప్పుకునే సాకైపోయింది.

ఇంత చెప్పాక ఇంటి ఖర్చుల ముచ్చట రావాలి. నెలకు 30,000 వచ్చే ఇంట్లో 3,000 అంటే చిన్న మాట కాదని నాకు తెలుసు. గ్యాసు, స్కూలు ఫీజు, ఇంటి వాయిదా, అమ్మగారి బీపీ మాత్రలు, ఇవన్నీ పట్టీ పక్కన పెన్సిలుతో కూడుకున్నదాన్నే నేను. యూదు శాస్త్రం కూడా ముందు నీ తిండి, తర్వాతే ఇంకొకరిది అంటుంది. ఆ తర్వాత నీ బంధువుల్లో పేదవారు, ఆ తర్వాత నీ ఊరి పేదలు, పరాయి ఊరి వాళ్ళు చివర. అందుకని నేను మా అక్కచెల్లెళ్ళకు చెబుతుంటాను, అన్నయ్య కొడుకు డిప్లొమా ఫీజు కట్టావా, అది నీ పదోవంతులో రాసుకో. మొగుడు పోయిన ఆడపడుచుకు నెలనెలా పంపుతున్నావా, రాసుకో. మన తెలుగు ఇళ్ళలో ఈ పద్దు కింద ఇప్పటికే చాలా పోతోంది, పుస్తకంలో ఎక్కడం లేదంతే. రాయడం మొదలుపెడితే చాలామంది తాము సగం దారిలో ఉన్నామని చూసుకుంటారు. కొందరు తాము ఎక్కడా లేమని కూడా చూసుకుంటారు, అదీ మంచిదే.

ఏది రాసుకోకూడదో కూడా చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. ఈ భాగంతో ప్రార్థన మందిరానికి దీపాలు కొనవద్దు, పేదలకే ఇవ్వమని 16వ శతాబ్దపు పోలండు పండితుడు మోషే ఇస్సెర్లెస్ రాశాడు. నేను అప్పన్న భక్తురాలిని. చందనోత్సవానికి సింహాచలం క్యూలో నిలబడతాను, మొక్కిన ముడుపు హుండీలో వేస్తాను. ఆ ముడుపు నాకూ స్వామికీ మధ్య లెక్క. దాన్ని పేదవాడి వాటాలోంచి తియ్యకూడదు. కొండమీద అన్నదానానికి రాసిస్తే అది వేరు, ఆ అన్నం ఆకలిగొన్నవాడి నోట్లోకి వెళుతుంది. గుడికి తొడుగు చేయించినా, చర్చికి మైకు సెట్టు కొనిచ్చినా, అది పుణ్యమే కావచ్చు కానీ పదోవంతు తీరినట్టు కాదు. మన ముస్లిం సోదరులు జకాత్ విషయంలో ఇంతే కచ్చితంగా ఉంటారు. ఏడాదిపాటు నిలిచిన సొమ్ము మీద 2.5 శాతం, అది ఎవరికి చెందాలో కూడా జాబితా ఉంది. దశమభాగం తీసే క్రైస్తవ కుటుంబాలు ఈ ఊళ్ళో వేలున్నాయి. లెక్కకట్టి ఇచ్చే అలవాటు మన పక్కింట్లోనే ఉంది.

పన్ను మినహాయింపు సంగతి ఒకటి. కొత్త పన్ను విధానంలో విరాళాలకు తగ్గింపు రాదు. ఆ విధానం వచ్చినప్పటినుంచి మార్చి నెలలో రసీదు కోసం విరాళమిచ్చే అలవాటు కొన్ని ఇళ్ళలో ఆగిపోయిందని నాకు తెలిసిన ఆడిటర్లు అంటున్నారు. రసీదు కోసం ఇచ్చిన డబ్బు ఎవరి వాటా? ఇక పెద్ద కంపెనీలకైతే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, గడిచిన మూడేళ్ళ సగటు లాభం మీద 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టే బాధ్యత ఉంది. ఈ ఊరి నిండా పెద్ద కంపెనీలే. బస్ షెల్టర్ల మీద, మంచినీళ్ళ ప్లాంట్ల మీద వాటి పేర్లు చూస్తూనే ఉంటాం. లాభం లేని ఏడాదులు వరసగా వస్తే ఆ 2 శాతం సున్నా అవుతుంది. ఉక్కు ధర పడిపోయిన ఏడాదే కదా కాంట్రాక్టు కూలీ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమయ్యేది. కంపెనీ వాటా తగ్గే ఆ ఏడాదికోసం ఇళ్ళ వాటా ఉండాలి.

సొమ్ము ఎలా వచ్చిందన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది. బొంబాయిలో డేవిడ్ ససూన్ అనే బాగ్దాదీ యూదు వర్తకుడి కుటుంబం ఉండేది. పుణెలో ససూన్ ఆస్పత్రి, కొలాబాలో 1875 నాటి ససూన్ డాక్, లైబ్రరీలు, పాఠశాలలు ఆ కుటుంబం పేరు మీద ఉన్నాయి. దానం విషయంలో ఆ ఇల్లు గొప్పది. ఆ సంపదలో పెద్ద భాగం చైనాకు నల్లమందు అమ్మి వచ్చింది. దొంగసొమ్ముతో చేసిన ధర్మం ధర్మం కాదని వాళ్ళ శాస్త్రమే అంటుంది. నల్లమందు అప్పట్లో బ్రిటిష్ చట్టం ఒప్పిన వ్యాపారమే, అయినా ఎంత ఆస్పత్రి కట్టినా ఆ దోషం తీరదని నా నమ్మకం. కూలీలకు రావలసిన ఓవర్‌టైము ఎగ్గొట్టి సంక్రాంతికి చీరలు పంచే యజమానులకు కూడా నేను ఇదే చెబుతాను. ముందు పట్టీ సరిచెయ్యండి, పదోవంతు తర్వాత.

ఇచ్చే తీరు గురించి వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. యెరూషలేము దేవాలయంలో రహస్య గది ఒకటుండేదని మిష్నా చెబుతుంది. ఇచ్చేవాళ్ళు అందులో గుట్టుగా వేసి వెళ్ళేవారు, మంచి కుటుంబంలో పుట్టి చితికిపోయినవాళ్ళు గుట్టుగా తీసుకుని వెళ్ళేవారు. మన దగ్గర నాయకుడి పుట్టినరోజుకు కేజీహెచ్ వార్డులో రొట్టె, రెండు అరటిపళ్ళు పంచి, మంచం మీది మనిషి మొహం కనబడేలా ఫొటో తీస్తారు. ఒక్క పండును నలుగురు పట్టుకుంటారు. సెలైన్ ఎక్కుతున్న మనిషి ఆ ఫొటోకు ఒప్పుకున్నాడా అని అడిగినవారు లేరు. మర్నాడు అది పేపర్లో వస్తుంది. ఈ పత్రికతో సహా అన్ని పత్రికల సంపాదకులకూ చేతులెత్తి దండం పెడుతున్నాను, పుచ్చుకునే మనిషి మొహం ఉన్న ఫొటో వెయ్యకండి.

మైమోనిడిస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా కింద ఉన్నది విసుక్కుంటూ ఇచ్చేది. అన్నిటికన్నా పైన ఉన్నది మనిషిని నిలబెట్టేది: కానుకో అప్పో ఇవ్వడం, వ్యాపారంలో కలుపుకోవడం, పని చూపించడం, మనిషి మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేకుండా చెయ్యడం. వడ్డీ లేని అప్పులకే వేరుగా నిధులు పెట్టుకున్న యూదు సంఘాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంలో చేపలు పాడుకుని గంప నెత్తికెత్తుకునే ఆడవాళ్ళను చూడండి. పొద్దున్న తెచ్చిన పెట్టుబడికి సాయంత్రానికి వడ్డీ కడతారు. అమ్ముడుపోయినా పోకపోయినా ఆ వడ్డీ కట్టక తప్పదు. పదిమంది ఉద్యోగుల పదోవంతు ఒక నెల కలిపితే కొందరు ఆడవాళ్ళ గంపకు వడ్డీ లేని పెట్టుబడి అవుతుంది. ఆ డబ్బు తిరిగొస్తుంది, ఇంకొకరి గంపకు వెళుతుంది. ఐటీఐ చదివిన కుర్రాడికి ఫోర్క్‌లిఫ్టు లైసెన్సు ఖర్చు, కుట్టు నేర్చిన అమ్మాయికి మిషను, ఇవన్నీ ఆ పై మెట్టు మీదివే.

డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్న భయం మనకెప్పుడూ ఉంటుంది. భయపడటం సబబే. యూదుల ఊళ్ళలో కుప్పా అనే ధర్మనిధి ఉండేది. వారానికోసారి వసూలు చేసేటప్పుడు ఇద్దరు కలిసి వెళ్ళాలి, ఒక్కరు పోకూడదు. పంచేటప్పుడు ముగ్గురుండాలి, ఎవరికెంతన్నది ధర్మాసనంలో తీర్పులా తేల్చాలి. ఇలాంటి నిధి లేని యూదుల ఊరిని తాను చూడలేదు, వినలేదు అని మైమోనిడిస్ రాశాడు. మన అపార్టుమెంటు సంఘాలు లిఫ్టు మెయింటెనెన్సుకు ప్రతి నెలా వసూలు చేస్తాయి, లెక్కలు గోడకు అంటిస్తాయి. ఇద్దరు వసూలుకు, ముగ్గురు పంపిణీకి అన్నది మనకు చేతకాని పనేమీ కాదు.

ఇదే ఊళ్ళో అంకితం వెంకట నరసింగరావు గారి భార్య ఇచ్చిన విరాళంతో నిలబడ్డ కళాశాల పేరులో ఈనాటికీ ‘మిసెస్ ఏవీఎన్’ అనే ఉంది. సి.వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పింది, రామన్ చదివింది అక్కడే. ఆ ఇల్లాలికి నా నమస్కారం. అయితే ఇప్పుడు జమీందార్లు లేరు, ఇది జీతగాళ్ళ ఊరు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు, రైల్వే, నేవీ, ఫార్మా, వీటన్నిటి జీతాలు కలిస్తే ఏ జమీందారీ శిస్తూ దానికి సాటిరాదు.

అందుకని నేను అడిగేది యూనియన్లను. ఏ జెండా యూనియనైనా సరే. వచ్చే జనరల్ బాడీలో ఒక తీర్మానం పెట్టండి: ఇష్టపడి సంతకం చేసిన సభ్యుల జీతంలోంచి వాళ్ళు రాసిన శాతం నెలనెలా కోసి, వేరే ఖాతాలో వెయ్యమని యాజమాన్యాన్ని కోరండి. ఒక శాతంతో మొదలైనా సరే, పదికి చేరడానికి ఏళ్ళు పట్టినా సరే. మొక్కులా ఒట్టు పెట్టించకండి. యూదు పెద్దలు కూడా ఒట్టు లేకుండానే మొదలుపెట్టమంటారు, ఒట్టు తప్పిన దోషం అంటకూడదని. ఆ ఖాతా మీద ముగ్గురి సంతకాలుండాలి, అందులో ఒకరు కాంట్రాక్టు కార్మికులవైపు నుంచి, ఒకరు ఆడమనిషి కావాలి. పంపిణీ లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి, పుచ్చుకున్నవాళ్ళ పేర్లు మాత్రం పెట్టకండి. కోత కోడ్ కొత్తది తెరవడానికి ఏ పేరోల్ సాఫ్ట్‌వేర్‌లోనైనా పట్టేది ఒక పూట పని. అది ఎలా చెయ్యాలో తెలియని ఆఫీసు ఏదైనా ఉంటే నేను వచ్చి చేసిపెడతాను.